ముందు మిద్దె, ఆ తర్వాతే యంత్రం



ఎండాకాలం దగ్గరపడేసరికి బనగానపల్లెలోనైనా, నంద్యాలలోనైనా, ఆళ్లగడ్డలోనైనా చాలా ఇళ్లలో ఒకటే చర్చ. ఈ ఏడాదైనా ఏసీ పెట్టిద్దామా, కూలర్‌తోనే గడిపేద్దామా? పెడితే టన్నుదా, టన్నున్నరదా? మూడు స్టార్లదా, ఐదు స్టార్లదా? కొనడానికి ఎంతవుతుంది, నెలనెలా బిల్లు ఎంతొస్తుంది? వీటిలో సగం ప్రశ్నలకు జవాబు దుకాణంలో లేదు. మన ఇంటి మిద్దె మీద ఉంది, మన కరెంటు బిల్లులో ఉంది. ఆ రెండూ చూసుకోకుండా డబ్బు పెట్టి, తర్వాత బాధపడే కుటుంబాలు చాలా ఉన్నాయి. అందుకే ఈ నాలుగు మాటలు.

ఇంట్లో చల్లదనాన్ని సోకు కింద కొట్టిపారేసే రోజులు పోయాయి. 2015 వేసవిలో ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో కలిపి వెయ్యి మందికి పైగా వడదెబ్బతో చనిపోయారు. ఎండలో కూలికి పోయినవాళ్లతో పాటు ముసలివాళ్లూ ఆ లెక్కలో ఉన్నారు. రాత్రి పూట ఒళ్లు చల్లబడకపోతే మరుసటి రోజు ఎండను తట్టుకునే శక్తి మనిషికి ఉండదు. ఇంట్లో ముసలివాళ్లు, పసిపిల్లలు, గుండెజబ్బు, చక్కెర జబ్బు ఉన్నవాళ్లు ఉంటే, కనీసం ఒక్క గదైనా చల్లగా ఉండాలి. ఒక్క గది అన్న మాట గుర్తుంచుకోండి. మన ప్రాంతంలో ఇల్లంతా చల్లబరచాలని చూస్తే ఖర్చు తడిసి మోపెడవుతుంది.

ముందు మిద్దె సంగతి. మన పల్లెల్లో ఇంకా కొన్ని పాత మట్టి మిద్దెలు నిలిచి ఉన్నాయి. రాయి, మట్టి కలిపి కట్టిన మందపాటి గోడలు. పైన దూలాలు, వాటి మీద దంతెలు, ఆ పైన బండలో కట్టెలో పరిచి, దాని మీద మందంగా చౌడుమన్ను. నడుమ వెలుతురుకూ గాలికీ ఒక గవాచి. వేడిగాలి పైకి లేచి ఆ గవాచిలో నుంచి బయటికి పోయేది. మందపాటి మన్ను పగటి ఎండను తనలోనే ఆపుకునేది. ఆ వేడి లోపలికి దిగేలోపు పొద్దుగూకి, రాత్రి గాలికి కప్పు తిరిగి చల్లబడేది. ఆ మిద్దెలకు బాధలు లేవని అనడం లేదు. వాన పడితే కారేవి, ఏటా మన్ను వేయాల్సి వచ్చేది, తేళ్లూ జెర్రులూ ఉండేవి. కానీ ఎండను ఆపే విద్య మాత్రం వాటికి బాగా తెలుసు.

ఇప్పుడు మనం వేసుకుంటున్న కాంక్రీటు శ్లాబు మందం నాలుగైదు అంగుళాలు. మధ్యాహ్నం రెండు, మూడు గంటలప్పుడు దాని పైభాగం కాలు మోపలేనంతగా కాలుతుంది. ఆ వేడి శ్లాబులో మెల్లగా దిగి, సరిగ్గా మనం అన్నం తిని పడుకునే వేళకు గదిలోకి వస్తుంది. బయట గాలి చల్లబడినా లోపల ఫ్యాను వేడిగాలి కొట్టడానికి కారణం ఇదే. పది అడుగులకు పన్నెండు అడుగుల గది, పైన ఇంకో అంతస్తు లేదనుకుందాం. మంచి ఎండాకాలంలో ఒక్క కప్పు నుంచే ఆ గదిలోకి దిగే వేడి సుమారు వెయ్యి వాట్లు ఉంటుంది. ఏసీ లెక్కలో అది పావు టన్నుకు పైమాటే. అంటే కప్పును పట్టించుకోకపోతే, కొన్న ఏసీలో పావు టన్ను బలం శ్లాబుతో పోరాడటానికే సరిపోతుంది.

దీనికి చవకైన మందు సున్నం. మార్చిలోనే మిద్దెపైన శుభ్రంగా ఊడ్చి, కడిగి, జిగురు కలిపిన సున్నం రెండు పూతలు వేస్తే, తెల్లటి కప్పు ఎండలో చాలా భాగాన్ని వెనక్కి తిప్పి పంపేస్తుంది. గదిలో రెండు మూడు డిగ్రీలు తగ్గడం మామూలే. సున్నం ఒకటి రెండు వానలకు పోతుంది కాబట్టి ఏటా వేయాలి. ఎక్కువ కాలం ఉండాలంటే కూల్ రూఫ్ పెయింట్లు దొరుకుతాయి, ధర ఎక్కువ. తెలంగాణ ప్రభుత్వం 2023లో కూల్ రూఫ్ విధానమే ఒకటి ప్రకటించింది. మనకు ప్రభుత్వం చెప్పేదాకా ఆగాల్సిన పని లేదు. వెయ్యి చదరపు అడుగుల మిద్దెకు సున్నం ఖర్చు, ఏసీ ధరలో పదో వంతు కూడా కాదు.

ఇక్కడ మన నాపరాయి గురించి ఒక మాట. బనగానపల్లె, కొలిమిగుండ్ల, బేతంచెర్ల చుట్టూ గనుల్లో దొరికే ఈ రాయి దేశమంతా పోతుంది. మన ఇళ్లలో నేల మీద నాపరాళ్ల పరుపు ఉంటే వేసవిలో కాళ్లకు ఎంత హాయిగా ఉంటుందో మీకు తెలుసు. నేల మీద అది బాగుంటుంది. కానీ ముదురు రంగు బండను మిద్దెపైన పరిస్తే ఎండను పీల్చుకుని రాత్రి దాకా దాచుకుంటుంది. పైన వేయాలనుకుంటే లేత రంగు రాయి వేయండి. వేసిన తర్వాతా తెల్లపూత మానకండి. పడమటి గోడ ఇంకో శత్రువు. ఆ వైపు కిటికీకి బయట నుంచి చాపో, వెదురు తడికో, పందిరో కట్టండి. లోపల కట్టే కర్టెన్ కంటే ఇది మేలు, ఎందుకంటే ఎండ అద్దం దాటి లోపలికి వచ్చాక కర్టెన్ దాన్ని బయటికి పంపలేదు. స్థలం ఉంటే ఆ పక్కన వేపచెట్టు పెంచండి.

ఇంత చేశాక యంత్రం సంగతి చూద్దాం.

కూలర్‌ను చాలామంది పేదవాళ్ల ఏసీ అని చిన్నచూపు చూస్తారు. ఆ మాటను నేను ఒప్పుకోను. మన ప్రాంతం ఎండలకు కూలర్ సరైన యంత్రం. అది నీటిని ఆవిరి చేసి గాలిని చల్లబరుస్తుంది. ఒక లీటరు నీరు ఆవిరి కావాలంటే సుమారు 2400 కిలోజౌళ్ల వేడి కావాలి. యూనిట్ల లెక్కలో చెప్పాలంటే ఒక యూనిట్టులో మూడింట రెండు వంతులు. ఆ వేడినంతా నీరు గాలి నుంచే తీసుకుంటుంది. గాలి ఎంత పొడిగా ఉంటే నీరు అంత బాగా ఆవిరవుతుంది. ఏప్రిల్, మే నెలల్లో మన దగ్గర మధ్యాహ్నం 42 డిగ్రీల ఎండ, గాలిలో తేమ 20 శాతం ఉన్న రోజున, ప్యాడ్లు బాగున్న కూలర్ దాదాపు 28 డిగ్రీల గాలిని ఇవ్వగలదు. అదే కూలర్‌ను మచిలీపట్నంలోనో కాకినాడలోనో పెడితే, ఉక్కపోతకు ఉక్కపోత తోడవుతుంది తప్ప పెద్దగా లాభముండదు. కోస్తాలో ఉన్న బంధువులు కూలర్ దండగ అని చెబితే వాళ్ల ఊరికి అది నిజమే. మన ఊరికి కాదు.

అయితే కూలర్‌కు రెండు షరతులు. ఒకటి, కూలర్ బయటి గాలిని లోపలికి తోయాలి, లోపలి గాలి ఎదురు కిటికీలో నుంచి బయటికి పోవాలి. తలుపులన్నీ మూసి గది మధ్యలో కూలర్ పెట్టుకుంటే గంటలో గది తడిగుడ్డలా అవుతుంది. రెండోది నీళ్లు. మనది సున్నపురాయి నేల. బోరునీళ్లు చాలాచోట్ల గట్టిగా ఉంటాయి. ఆ నీళ్లు ఆవిరైపోయాక మిగిలే తెల్లటి పొక్కు ప్యాడ్లకు పట్టి, గాలి దారి మూసేస్తుంది. వీలైతే కుళాయి నీళ్లు పోయండి. బోరునీళ్లే గతి అయితే రెండు మూడు రోజులకోసారి తొట్టి మొత్తం ఖాళీ చేసి కొత్త నీళ్లు పోయండి. దీనివల్ల ఇంకో మేలు కూడా ఉంది. డెంగీ దోమ నిలవ నీళ్లలోనే పెరుగుతుంది. ప్యాడ్లు ఏటా మార్చక తప్పదు. వట్టివేరు వాడుకునేవాళ్లకు వాసన కూడా బాగుంటుంది.

కూలర్ ధర మామూలుగా 6 వేల నుంచి 12 వేల రూపాయల దాకా ఉంటుంది. కరెంటు 150 నుంచి 200 వాట్లు. జూన్ దాటి వానలు మొదలయ్యాక, గాలిలో తేమ పెరిగి కూలర్ పనితనం తగ్గుతుంది. ఆగస్టు, సెప్టెంబరు ఉక్కపోత రోజుల్లో ఏసీ ఒక్కటే పని చేస్తుంది. జబ్బు మనిషి ఉన్న ఇంటికి, రాత్రిపూట చదువుకునే పిల్లలున్న ఇంటికి, కిటికీలు తెరవలేని ఇంటికి ఏసీ కావాలి. అందులో సందేహం లేదు.

ఏసీ కొనేటప్పుడు మొదట అడిగేది టన్ను. ఒక టన్ను అంటే, ఒక టన్ను మంచు 24 గంటల్లో కరిగేటప్పుడు ఎంత వేడి పీల్చుకుంటుందో అంత వేడిని గదిలో నుంచి తీసేసే శక్తి. వాట్లలో 3500. పది బై పది గదికి, పైన ఇంకో అంతస్తు ఉంటే, ఒక టన్ను చాలు. అదే గది మిద్దె కింద ఉండి, పడమటి గోడ ఎండకు ఉంటే టన్నున్నర కావాలి. నూట యాభై చదరపు అడుగుల గదికీ టన్నున్నరే. మిద్దెకు సున్నం వేసినవాళ్లకు కొన్నిసార్లు ఇక్కడ చిన్న ఏసీతోనే సరిపోవచ్చు. ఇంకో సంగతి. ఏసీ మీద రాసిన శక్తి, బయట 35 డిగ్రీలు ఉన్నప్పుడు కొలిచినది. మనకు 43, 44 ఉన్న రోజున అదే యంత్రం అంత చల్లదనం ఇవ్వదు, కరెంటేమో ఎక్కువ తీసుకుంటుంది. అందుకని దుకాణంలో ‘43 డిగ్రీల దగ్గర ఎంత ఇస్తుంది?’ అని అడగండి. కంపెనీ కాగితాల్లో ఆ లెక్క చూపించమనండి.

ఇక స్టార్లు. ఈ గుర్తులు ఇచ్చేది కేంద్రప్రభుత్వ సంస్థ, బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీ. ఆ స్టిక్కరు మీద ఎన్ని చుక్కలున్నాయో చూసి ఊరుకోకండి. దాని కింద ఇంకా మూడు సంగతులు ఉంటాయి. ఐసీర్ అనే అంకె, ఏడాదికి ఎన్ని యూనిట్లు కాలుస్తుందో, ఆ స్టిక్కరు ఏ సంవత్సరానిదో. ఐసీర్ అంకె ఎంత పెద్దదైతే కరెంటు అంత ఆదా. స్టార్ల కొలతను కొన్నేళ్లకోసారి గట్టి చేస్తుంటారు కాబట్టి, పాత సంవత్సరం స్టిక్కరు మీద ఐదు స్టార్లున్న యంత్రం కొత్త కొలతకు నాలుగు స్టార్లకో మూడుకో దిగిపోవచ్చు. పాత సరుకు తగ్గింపు ధరకు ఇస్తే తీసుకోవచ్చు గానీ, చుక్కలు వదిలేసి యూనిట్ల అంకెతో పోల్చండి. ఆ యూనిట్ల అంకె ఏడాదికి 1600 గంటల వాడకానికి వేసినది. రాత్రికి 8 గంటల చొప్పున నాలుగు నెలలు వాడే ఇంటికి వెయ్యి గంటలే అవుతుంది.

ఇప్పుడు డబ్బు లెక్క. కాగితం, కలం దగ్గరుంటే తీసుకోండి.

మన జిల్లాకు కరెంటు ఇచ్చేది దక్షిణ ప్రాంత విద్యుత్ పంపిణీ సంస్థ. ఇళ్లకు 2022 నుంచి అమలులో ఉన్న శ్లాబుల ప్రకారం మొదటి 30 యూనిట్లకు యూనిట్టు 1 రూపాయి 90 పైసలు. 31 నుంచి 75 దాకా 3 రూపాయలు. 76 నుంచి 125 దాకా నాలుగున్నర. 126 నుంచి 225 దాకా 6 రూపాయలు. 226 నుంచి 400 దాకా 8 రూపాయల 75 పైసలు. ఆ పైన 9 రూపాయల 75 పైసలు. ఫిక్స్‌డ్ చార్జీలు, సర్దుబాటు చార్జీలు వీటికి అదనం. మీ తాజా బిల్లు వెనక చూసి ఈ రేట్లు సరిచూసుకోండి.

మీ ఇంట్లో మామూలుగా నెలకు 120 యూనిట్లు కాలుతున్నాయనుకుందాం. ఈ రేట్లతో అది 394 రూపాయల 50 పైసలు. టన్నున్నర మూడు స్టార్ల ఏసీ, రాత్రికి 8 గంటలు, సుమారు 5 యూనిట్లు. నెలకు 150. మొత్తం 270 యూనిట్లు. ఇప్పుడు బిల్లు 1410 రూపాయల 75 పైసలు. అంటే ఏసీ ఒక్కదానికే వెయ్యి రూపాయల పైన. మొదటి 120 యూనిట్లకు సగటున మూడు రూపాయల పైచిలుకు కడుతున్న మనం, ఏసీ కాల్చిన 150 యూనిట్లకు సగటున దాదాపు ఏడు రూపాయలు కడుతున్నాం. ఏసీ యూనిట్లు ఎప్పుడూ మన బిల్లులో పై మెట్ల మీదే కూర్చుంటాయి. అందుకే బిల్లు చూసి గుండె గుభేలుమంటుంది. అదే ఇంట్లో కూలర్ రోజుకు పది గంటలు నడిపితే, నెలకు 54 యూనిట్లు. బిల్లు పెరిగేది 316 రూపాయలు.

ఐదు స్టార్లు తీసుకుంటే రాత్రికి ఒక యూనిట్టు మిగులుతుంది. నెలకు 30 యూనిట్లు, ఒక్కోటీ 8 రూపాయల 75 పైసలది. నాలుగు నెలల సీజనుకు వెయ్యి రూపాయల పైమాట. మూడు స్టార్ల టన్నున్నర ఏసీ సుమారు 35 వేల నుంచి 40 వేల మధ్య ఉంటే, ఐదు స్టార్లది ఇంకో ఎనిమిది వేలు ఎక్కువ. రాత్రులు మాత్రమే, నాలుగు నెలలే వాడేవాళ్లకు ఆ ఎనిమిది వేలు తిరిగి రావడానికి ఏడెనిమిదేళ్లు పడుతుంది. వాళ్లకు మూడు స్టార్లు చాలు. మిగిలిన డబ్బు మిద్దె మీద పెట్టండి. పగలూ రాత్రీ నడిపే ఇంటికి, ముసలివాళ్లు రోజంతా ఆ గదిలోనే ఉండే ఇంటికి, మూడు నాలుగేళ్లలోనే ఆ తేడా వచ్చేస్తుంది. వాళ్లు ఐదు స్టార్లే కొనాలి. ఈ తేడా చెప్పకుండా అందరికీ ఐదు స్టార్లే మంచిదనడం సరికాదు.

పదేళ్ల లెక్క వేస్తే ఏసీ కొన్న ధరకు సమానంగా కరెంటుకూ కడతాం. కొనే రోజున మన కంటికి కనిపించేది సగం ధరే. ఈ మధ్య పన్ను విషయంలో కొంత ఊరట దొరికింది. 2025 సెప్టెంబరు 22 నుంచి ఏసీల మీద జీఎస్టీ 28 శాతం నుంచి 18 శాతానికి తగ్గింది. పన్ను లేకుండా 30 వేలున్న యంత్రం మీద 3 వేల తగ్గుదల అది. మీ బిల్లులో 18 శాతమే వేశారో లేదో చూసుకోండి.

దుకాణంలో చెప్పే ధర మీద ఇంకొన్ని పడతాయి. బిగింపు కూలి, రాగి పైపు అడుగుల లెక్కన, బయటి యూనిట్టుకు స్టాండు, వైరు, ఎంసీబీ. ఇవన్నీ కలిపి ఎంతో ముందే కాగితం మీద రాయించుకోండి. ఇన్వర్టర్ ఏసీ అంటే కరెంటు పోయినా బ్యాటరీ మీద నడుస్తుందని కొందరు అనుకుంటున్నారు. అది కాదు. గది చల్లబడ్డాక కంప్రెసర్ వేగం తగ్గించుకునే పద్ధతి అది, ఆదా అక్కడే వస్తుంది. స్టెబిలైజర్ అక్కర్లేదని రాసి ఉంటే, ఎన్ని వోల్టుల నుంచి ఎన్ని వోల్టుల దాకా అన్నది చదవండి. మీ వీధిలో సాయంత్రం వోల్టేజి అంతకన్నా పడిపోతుంటే స్టెబిలైజర్ పెట్టాల్సిందే.

బయటి యూనిట్టును పడమటి ఎండకు, కాలిపోయే శ్లాబు మీద పెట్టించకండి. ఉత్తరం గోడకు, నీడలో, వేడిగాలి పోవడానికి ఎదురుగా ఖాళీ ఉండేలా పెట్టించండి. బండల పాలిష్ యూనిట్లు దగ్గర్లో ఉన్న వీధుల్లో తెల్లటి దుమ్ము బయటి యూనిట్టు జాలీలో పేరుకుంటుంది. లోపలి ఫిల్టర్లు పదిహేను రోజులకోసారి మీరే కడగండి. బయటి జాలీని సీజను ముందు మెకానిక్‌తో కడిగించండి. ప్రతి వేసవికీ గ్యాసు అయిపోయిందని ఎవరైనా చెబితే నమ్మకండి. ఆ గ్యాసు వాడితే తరిగేది కాదు. తగ్గిందంటే ఎక్కడో కారుతోందని అర్థం. కారే చోటు పట్టి అతికించిన తర్వాతే గ్యాసు నింపించుకోండి.

ఏసీని 18 డిగ్రీల మీద పెట్టి దుప్పటి కప్పుకోవడం మానేద్దాం. 26 మీద పెట్టి ఫ్యాను మెల్లగా తిప్పితే ఒంటికి సరిపోతుంది. ఒక్కో డిగ్రీ పెంచితే సుమారు 6 శాతం కరెంటు ఆదా అని బ్యూరో చెబుతోంది. పాత ఫ్యాను 75 వాట్లు తింటే, కొత్త బీఎల్‌డీసీ ఫ్యాను 30, 35 వాట్లతోనే అంత గాలి ఇస్తుంది.

న్యూజెర్సీలో ఉన్న పిల్లలు ఇంటికొచ్చినప్పుడు, అక్కడిలాగా ఇల్లంతటికీ ఒకే యంత్రం పెట్టిద్దామంటుంటారు. అక్కడ చలికాలం మంచు పడుతుంది, ఇల్లంతా వెచ్చగా లేకపోతే బతకలేరు. అందుకని గొట్టాలు వేసి వేడీ చల్లదనం రెండూ ఇల్లంతా పంపుతారు. మనకు వేడి చేసుకోవాల్సిన అవసరం లేదు. డిసెంబరు, జనవరి తెల్లవారుజాము చలికి దుప్పటి, వేన్నీళ్లు చాలు. వేడి, చల్లదనం రెండూ ఇచ్చే ఏసీకి ఎక్కువ డబ్బు పెట్టకండి. పిల్లలకు సాయం చేయాలని ఉంటే, మిద్దె మీద సోలార్ పలకలు పెట్టించమనండి. పీఎం సూర్యఘర్ పథకం కింద 3 కిలోవాట్లకు 78 వేల రూపాయల రాయితీ ఉంది. ఆ పలకల నీడ శ్లాబుకు కూడా మేలు చేస్తుంది.

చివరిగా ఒక సంగతి, దీన్ని అన్నిటికన్నా శ్రద్ధగా వినండి. ఇనుప రేకు కూలర్లకు షాకు కొట్టి ప్రాణాలు పోవడం ఏటా వేసవిలో వింటూనే ఉన్నాం. కూలర్‌కు మూడు పిన్నుల ప్లగ్గే వాడండి. ఇంటికి ఎర్తింగ్ ఉందో లేదో, ఉంటే పని చేస్తోందో లేదో ఎలక్ట్రీషియన్‌తో ఈ వారమే చూపించండి. మెయిన్ బోర్డులో ఆర్‌సీసీబీ లేకపోతే పెట్టించండి, కరెంటు లీకైన వెంటనే క్షణంలో అది సరఫరా ఆపేస్తుంది. ఏసీ పెట్టించేవాళ్లు మీ కనెక్షన్ ఎన్ని కిలోవాట్లకు ఉందో బిల్లులో చూసి, చాలకపోతే లోడు పెంచమని దరఖాస్తు చేయండి. కూలర్‌లో నీళ్లు పోసే ముందు స్విచ్చి ఆపి, ప్లగ్గు పీకి, అప్పుడే నీళ్లు పోయండి. ఈ మాట ఇంట్లో పిల్లలకు కూడా చెప్పండి.